పదకొండో పువ్వు

మిరప పువ్వుల్లో తామర పురుగులు లెక్కపెట్టే పనిలో నేను చేరి పదేళ్లు దాటింది. అంతకుముందు చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర కూర్చునేవాణ్ణి. చదువు పదో తరగతితో ఆగింది. మా నాన్నకు నరసరావుపేటలో సైకిల్ షాపు ఉండేది. ముందు చక్రానికి ముప్పై రెండు చువ్వలు, వెనక చక్రానికి నలభై. ఇన్ని చక్రాలు బిగించాలంటే ఎన్ని చువ్వలు తెప్పించాలో కాగితం లేకుండా చెప్పడంతో నా లెక్కలు మొదలయ్యాయి. శాతాలు, సగటులు, ఆ తర్వాత కంప్యూటర్లో పట్టికలు వెయ్యడం, ఇవన్నీ పాత పుస్తకాలు చూసి, తెలిసినవాళ్లను విసిగించి నేర్చుకున్నవే.

మిల్లు మూతపడిన ఏడాది ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మాచర్ల వైపు పిల్ల. మిరప తెగుళ్ల మీద పరిశోధన చేస్తోంది. తప్పు లేకుండా లెక్క రాసే మనిషి కావాలంది. మొదటి రోజే నన్ను బాబాయ్ అని పిలిచింది. మాకు చుట్టరికం లేదు, మతం కూడా వేరు. అయినా ఆ పిలుపు అట్లాగే నిలిచిపోయింది.

పని చెప్పడానికి తేలిక. గురజాల దగ్గర ఒక ఊళ్లో, నడికుడి దగ్గర ఒక ఊళ్లో మిరప చేలు ఎంచుకున్నాం. ఏ ఊరి చేలలో ఆ ఊరి ఆడవాళ్ల ముఠా. ప్రతి మడిలో పది పూలు కోసి, స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేస్తారు. నేను ఆ సీసాను ఊపి, పూలు తీసేసి, అడుగున మిగిలిన పురుగుల్ని భూతద్దం కింద లెక్కపెడతాను. వచ్చిన సంఖ్యను పదితో భాగిస్తే పువ్వుకు ఎన్ని పురుగులో తెలుస్తుంది. మూడు పంటలు అలా రాశాను. ఆమె ఆ అంకెల్ని దిగుబడితో పోల్చి చివరికి ఒక మాట తేల్చింది: పువ్వుకు ఆరు పురుగులు వచ్చేదాకా మందు కొట్టక్కర్లేదు, ఆరు వస్తే ఆగకూడదు. అంతకుముందు మా వైపు రైతులు పురుగు ఉందో లేదో చూడకుండా వారం వారం కొట్టేవాళ్లు. అది వ్యాసంగా అచ్చయ్యాక వేరే రాష్ట్రాల్లో, వేరే దేశాల్లో కూడా ఆ పద్ధతి వాడారు. పరిశోధన పూర్తయ్యాక ఆమె అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో చేరింది. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఏదైనా అంకె మీద అనుమానం వస్తే ఇప్పటికీ నన్నే అడుగుతుంది.

ఏడాదిన్నర కిందట, నవంబరులో, ఒక పొద్దున ఫోన్ చేసింది.

"బాబాయ్, జూన్ ముప్పైతో మా ల్యాబుకు డబ్బులు ఆగిపోతున్నాయి. నా వీసా ఈ ఉద్యోగానికే కట్టేసి ఉంది. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే దేశం వదలాలి."

"మరి శాశ్వతంగా ఉండే కార్డుకి పెట్టావుగా?"

"అది మామూలు వరుస. నేను ముసలిదాన్నయ్యాక వస్తుంది. ఇంకో వరుస ఉంది. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకి."

"దానికేం కావాలి?"

"పది రుజువులు రాశారు. పదింటిలో మూడు చూపించాలి. చూపించినా సరిపోదు, అన్నీ కలిపి చూసి అధికారి ఒప్పుకోవాలి."

పదింటిలో మూడు అన్నది నాకు నచ్చింది. ఒకటోది, రాసిన వ్యాసాలు. ఆమెకు ఉన్నాయి. రెండోది, ఇతరుల వ్యాసాలు పరీక్షించి తీర్పు చెప్పడం. అదీ ఉంది. మూడోది, ఆమె పని ఆ రంగంలో నిజంగా పెద్ద మార్పు తెచ్చిందని చూపించడం. అది ఆ 'పువ్వుకు ఆరు' మీదే నిలబడాలి. నాలుగోది లేదు. అంటే మూడింటిలో ఒక్కటి జారినా లెక్క తప్పుతుంది.

ఆమె వకీలు నా పేరున ఒక ఉత్తరం నమూనా పంపాడు. రైతులు ఆ పద్ధతి వాడుతున్నారని, మొదటినుంచీ చూసిన మనిషిగా నేను సంతకం పెట్టాలి. తెలుగు చేయించుకుని చదివాను. అందులో 'లక్షల మంది రైతులు' అని ఉంది. నేను ఫోన్ చేసి చెప్పాను.

"అమ్మాయ్, లక్షలు నేనెక్కడ చూశాను? నాకు ముఖం తెలిసి, పూలు కోసి లెక్కపెట్టుకుని మందు కొట్టేవాళ్లు నూట పద్దెనిమిది మంది."

"వకీలు ఊరుకోడు బాబాయ్. నూట పద్దెనిమిది చిన్నగా కనపడుద్దంటాడు."

"చిన్నదైతే చిన్నదే. ఊరూ పేరూ రాసిస్తాను."

ఆమె నవ్వింది. సరే, అదే రాయమంది. వాళ్లలో కొందరి సంతకాలు, పని చేసే తీరు చూపించే ఒక వీడియో కూడా కావాలంది.

డిసెంబరులో గురజాల ఆటో ఎక్కి ఆ ఊరికి వెళ్లాను. పూత నిండుగా ఉంది. ముఠా మేస్త్రి నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. చేను గట్టు మీద నన్ను చూసి దూరం నుంచే కేక వేసింది.

"ఏంది సాయిబూ, మళ్లీ పురుగుల కాడికొచ్చావా? ఇంటికాడ నీకు పని చెప్పేవాళ్లే లేరా?"

"ఫోన్లో నీ చెయ్యి తియ్యాలక్కా. అమెరికా వాళ్లు చూస్తారు."

"చెయ్యేనా? ముఖం వద్దంటనా? ఏమే, వింటన్నారా, నా ముఖం పనికిరాదంట!"

పక్క సాళ్లలో ఆడవాళ్లు నవ్వారు. నేను ఫోన్ పట్టుకున్నాను. ఆమె పువ్వు తుంచి సీసాలో వేసింది.

"లాభం."

రెండో పువ్వు తుంచింది.

"ఒకటి."

మూడోది తుంచింది.

"రెండు."

పది అనేదాకా ఫోన్ దించకుండా నిలబడ్డాను. సీసా తీసుకుని చూశాను. పదకొండు పూలున్నాయి.

మా వైపు గింజలు కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, ఇలా సాగుతుంది. మా ఇంట్లో మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడు మొదటి డబ్బాను బర్కత్ అనేది, రెండోదాన్ని దో అనేది. బర్కత్ అంటే వృద్ధి. దాన్నే ఒకటిగా లెక్కేసేది. అందుకే చేలో ఎవరైనా లాభం అంటే అది ఒకటి అని నేను ఏనాడూ అనుమానించలేదు. మూడు పంటల కాలం ఆ మాట వింటూ గట్టు మీద కూర్చుని, తర్వాత వచ్చే అంకె ఏదో వినలేదు, సీసాలోంచి తీసేసిన పూలనూ లెక్కపెట్టలేదు.

"అక్కా, లాభమంటే ఒకటే గదా?"

"లాభం లాభమే, ఒకటి ఒకటే. ఇన్నేళ్లొచ్చి ఇప్పుడడుగుతున్నావేంది?"

"సీసాలో పదకొండు పడ్డాయిగా మరి!"

"పది నీయి. మొదటిది చేనుది. విత్తనం కొలిచినా, కాయ కొలిచినా మొదటిది లెక్కలోకెయ్యం. మా అత్త అట్టానే నేర్పింది."

"ఆ అమ్మాయి పది కొయ్యమందిగా?"

"పది కోశాం. పైన ఇంకోటేశాం. తక్కువేస్తే తిట్టాలిగానీ ఎక్కువేస్తే కూడా తిడతావా ఏంది?"

నేను తిట్టలేదు. ఆ రోజు సంతకాలు కూడా అడగలేదు. మర్నాడు నడికుడి వైపు ఊరికి పోయి అక్కడి ముఠాను కొయ్యమన్నాను. వాళ్లు లాభం, రెండు, మూడు అన్నారు. సీసాలో పదే ఉన్నాయి.

ఇప్పుడు కోస్తున్న తీరే అప్పుడూ ఉందని రుజువు కావాలి. అది నా ఇంట్లోనే ఉంది. పురుగు జాతి మీద ఎప్పుడైనా అనుమానం వస్తే చూడటానికని, అప్పట్లో ప్రతి మడినుంచి ఒక సీసా అదనంగా తీసి మూత తియ్యకుండా దాచమంది ఆమె. మా మిద్దె మీద గదిలో రేకు పెట్టెలో నలభై ఎనిమిది సీసాలున్నాయి. గురజాల వైపువి ఇరవై నాలుగు, నడికుడి వైపువి ఇరవై నాలుగు. స్పిరిట్ చాలావరకు ఆవిరైపోయింది. పూలు టీ పొడిలాగా నల్లబడి ఒకదానికొకటి అతుక్కున్నాయి. కానీ పువ్వుకు ఒక తొడిమే ఉంటుంది. నీళ్లలో నానబెట్టి తొడిమలు లెక్కపెట్టాను. రెండు రోజులు పట్టింది.

గురజాల వైపు సీసాల్లో ఇరవై రెండింట్లో పదకొండేసి, రెండింట్లో పదేసి. నడికుడి వైపు ఇరవై మూడింట్లో పదేసి, ఒకదాంట్లో తొమ్మిది. మొత్తం నాలుగు వందల ఎనభై ఉండాల్సిన చోట ఐదు వందల ఒకటి. ఇరవై ఒక్క పూలు ఎక్కువ. పురుగులు ఎక్కువ పూల మీదివి, భాగించింది పదితోనే. కాబట్టి మేం చెప్పిన ఆరు నిజానికి ఐదుముప్పావు. నూటికి నాలుగు తేడా.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. ఆ లెక్క తేలాక ఒక రోజంతా నేను ఆమెకు ఫోన్ చెయ్యలేదు. నూటికి నాలుగు ఎంత? ఆ తేడాకు ఏ రైతు పంటా పోదు. పదకొండు పూలు కోసే ఊరివాళ్లు ఈ అంకె పట్టుకుని కాస్త ముందే మందు కొడుతున్నారు, పది కోసేవాళ్లు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కొడుతున్నారు. అంతకు మించి నష్టం లేదు. దాని గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండోవైపు ఆమె ఉద్యోగం, అరవై రోజుల గడువు. కానీ ఆ ఉత్తరంలో నేను సంతకం పెట్టాల్సిన వాక్యం ఒకటుంది: లెక్కలన్నీ నా కళ్ల ముందు సరిగా జరిగాయి, అని. ఆ వాక్యం నా చేత్తో రాయలేను. రాయకపోతే ఎందుకు రాయలేదో ఆమెకు చెప్పాలి. అటు తిప్పినా ఇటు తిప్పినా చెప్పడమే తేలింది.

మర్నాడు పొద్దున చెప్పాను. అక్కడ సాయంత్రం. ఆమె మొదట అడిగింది ఒకటే.

"ఎన్ని సీసాలు చూశావు?"

"నలభై ఎనిమిదీ చూశాను."

"రెండుసార్లు లెక్కపెట్టావా?"

"మూడుసార్లు."

 

"అప్పుడు నేనూ చేలోనే ఉన్నా బాబాయ్. లాభం అంటం నేనూ విన్నా. మా అమ్మమ్మ కూడా అనేది. అడగాలని తోచలేదు."

"తప్పు నాది. గట్టు మీద కూర్చుంది నేను."

"వ్యాసం మీద పేరు నాదిగా," అంది. పట్టికలు ఫొటోలు తీసి పంపమని ఫోన్ పెట్టేసింది.

రెండు రోజులు ఆమె దగ్గర్నుంచి కబురు లేదు. మూడో రోజు చేసింది. వకీలుతో మాట్లాడిందట. ఇది మోసం కాదు, చిన్న పొరపాటు, ముందు దరఖాస్తు పంపేద్దాం, కార్డు వచ్చాక నింపాదిగా సరిదిద్దుకోవచ్చు అన్నాడట ఆయన. ఇప్పుడే సవరణ వేస్తే అధికారికి అదే ముందు కంటపడుతుంది, మూడో రుజువు నిలబడకపోవచ్చు అని కూడా చెప్పాడట.

"నువ్వేమన్నావు?"

"దరఖాస్తు కింద 'ఇందులో ఉన్నదంతా నిజం' అని సంతకం పెట్టాలి బాబాయ్. పెట్టేది ఆయన కాదుగా."

"సవరణకి ఎన్నాళ్లు పట్టుద్ది?"

"రెండు నెలలు, మూడు నెలలు. జూన్ లోపల అన్నీ అవ్వాలి."

నేను వేళ్లు ముడిచాను. డిసెంబరు మధ్యనుంచి జూన్ ఆఖరుకు ఆరున్నర నెలలు. మూడు నెలలు సవరణకు పోతే మిగిలేది మూడున్నర. రుసుము ఎక్కువ కడితే దరఖాస్తును తొందరగా చూసే ఏర్పాటు ఉందట. మధ్యలో వాళ్లు ఒక్క ప్రశ్న వేసినా దానికి జవాబు తయారు చెయ్యాలి. సరిపోతుంది, కానీ చేతిలో ఏమీ మిగలదు. అదే ఆమెకు చెప్పాను.

"నాకూ అదే వచ్చింది," అంది.

ఆమె మూడు పంటల లెక్కలూ మళ్లీ మొదటినుంచి చేసింది. ఆమెకు వచ్చింది ఐదు పాయింట్ ఏడు. నా చేతి లెక్క ఐదు పాయింట్ ఏడు ఐదు. సవరణ ఆ పత్రికకు పంపింది. అది ఫిబ్రవరి ఆఖర్లో అచ్చయింది. అరపేజీ కూడా లేదు. పూల సంఖ్యలో తేడా ఎలా వచ్చిందో రెండు వాక్యాల్లో రాసింది. లాభం గురించి కూడా ఉంది అందులో. ముఠాల మీద మాత్రం తప్పు పెట్టలేదు.

ఇక్కడ రైతులకు చెప్పడం నా వంతు. ఐదు పాయింట్ ఏడు అంటే ఒకాయన, పావు తక్కువ పురుగును ఎట్టా చూడాలో చెప్పు ముందు, అన్నాడు. అందుకని పది పూలకు యాభై ఏడు అని చెప్పాను. ఇంతకుముందు అరవై కదా, మూడు తగ్గించుకోండి అన్నాను. గురజాల వైపు మేస్త్రి అక్క దగ్గరికి కూడా వెళ్లాను.

"మూడు పురుగుల కోసమా ఇంత గోల చేశావు?" అంది.

"పది పూలే కొయ్యాలక్కా ఇకమీద."

"చేనుది తియ్యకుండా ఎట్టా కోస్తాం?"

"తియ్యి. తీసి కింద పడెయ్యి. సీసాలో వెయ్యబాక."

"అట్టయితే సరే," అని సీసా తీసుకుంది. అప్పటినుంచి ఆ ఊళ్లో అలాగే చేస్తున్నారు.

మార్చి మొదటి వారంలో నా ఉత్తరం తయారైంది. నూట పద్దెనిమిది మంది, ఊళ్లవారీగా. పదకొండు పూల సంగతి, సీసాల లెక్క, సవరించిన అంకె, అన్నీ ఉన్నాయి. నరసరావుపేట కోర్టు దగ్గర ఒక టైపిస్టు చేత కొట్టించి నోటరీ ముద్ర వేయించాలి. టైపిస్టు చదువుతూ చదువుతూ ఆగాడు.

"ఈవిడ నీకేమవుద్ది?"

"ఏం కాదు."

"ఏం కాకపోతే నువ్వెందుకు రాస్తన్నావు? చుట్టాలు రాసుకుంటారుగానీ."

"చుట్టాలు రాస్తే చెల్లదంట."

"ఇదేం కోర్టయ్యా," అని మళ్లీ చదివాడు. "అసాధారణ ప్రతిభ అని పైన రాశావు. కిందేమో తప్పు జరిగింది, ఇరవై ఒక్క పువ్వు ఎక్కువైంది అని రాశావు. పొగుడుతున్నావా, ఆ అమ్మాయి మీద కేసు పెడుతున్నావా?"

"ఉన్నది కొట్టు."

కొట్టాడు. నోటరీ చదవకుండా ముద్ర వేశాడు.

దరఖాస్తు మార్చి మధ్యలో వెళ్లింది. ఏప్రిల్ మొదట్లో ప్రశ్న వచ్చింది. వకీలు భయపడ్డదే అడిగారు: మీ ప్రధాన ఫలితాన్ని మీరే సవరించారు కదా, అలాంటప్పుడు ఈ రంగానికి మీరు చేసింది పెద్ద పని అని ఎలా అనుకోవాలి? ఆమె ఆ వాక్యం నాకు ఫోన్లో చదివి వినిపించింది. గొంతు మామూలుగానే ఉంది. చదవడం మాత్రం రెండుసార్లు చదివింది.

"జవాబు ఏం రాస్తావు?"

"అంకె మారింది, పద్ధతి మారలేదు అని. నీ సీసాల పట్టిక పెడుతున్నా. సవరణ తర్వాత కూడా వాడుతున్నామని ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిచ్చారు. వాళ్లు నన్నెప్పుడూ చూసినవాళ్లు కాదు."

"సరిపోద్దా?"

"తెలీదు బాబాయ్. ఇంతకు మించి నా దగ్గర లేదు."

జవాబు పంపడానికి నాలుగు వారాలు పట్టింది. తొందరగా చూసే వరుసలో వాళ్లకు పదిహేను పని దినాల గడువు. శని ఆదివారాలు తీసేసి నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. పదమూడో పని దినాన, మే నెలలో, పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది.

"ఒప్పుకున్నారు బాబాయ్," అంది.

మా ఆవిడ టీ గ్లాసు చేతికిచ్చి, "ఏమయింది?" అని సైగ చేసింది. అయిందన్నట్టు తల ఊపాను.

"కారణం ఏం రాశారు?" అని అడిగాను.

"కారణం రాయరు. కాదంటేనే రాస్తారు. అవునంటే ఒక్క కాగితం, మీద నంబరు, తేదీ, అంతే."

అది నాకు లోటుగా అనిపించింది. ఆ సవరణ ఆమెకు మేలు చేసిందో, అడ్డుపడబోయి తప్పిందో, అసలు ఆ అధికారి నా పట్టిక చూశాడో లేదో, ఎక్కడా తేలదు. ఆ మాటే అన్నాను. తనకూ అట్లాగే ఉందని చెప్పింది. ఆ వెంటనే జూన్ ముప్పై తర్వాత ఏం చెయ్యాలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆమె విశ్వవిద్యాలయం కొన్నేళ్ల కిందట మామూలు వరుసలో వేసిన దరఖాస్తు తేదీ ఈ వరుసకూ చెల్లుతుందట. కాబట్టి కార్డుకు వేరే ఎదురుచూపు పెద్దగా ఉండదు. కార్డుకు చివరి కాగితాలు వేసేస్తే, ఈలోపు ఉద్యోగం పోయినా అక్కడే ఉండొచ్చు, ఎక్కడైనా పని చూసుకోవచ్చు. అరవై రోజుల లెక్క ఇక లేదు. ల్యాబు మూసే రోజున తన సామాను రెండు అట్టపెట్టెల్లో సర్దుకుని, బస్సులో ఇంటికి తెచ్చుకుందట. ఆ సంగతి తర్వాత మామూలుగా చెప్పింది, భయం లేకుండా.

కార్డు నవంబరులో వచ్చింది. వీడియోలో చూపించింది. మీద ఉన్న అంకెలన్నీ చదవమంటే చదివింది. చివర గడువు తేదీ ఉంది.

"పదేళ్లేనా? శాశ్వతం అన్నావుగా!"

"నేను శాశ్వతం బాబాయ్. ప్లాస్టిక్ ముక్కకే పదేళ్లు. తర్వాత కొత్తది ఇస్తారు."

"దానికి మళ్లీ పదింటిలో మూడు చూపించాలా?"

"అక్కర్లేదు. ఫొటో ఇస్తే చాలు."

అయితే పర్లేదు అన్నాను. కార్డును పర్సులో పెట్టేసి, ఆ ఏడు పూత ఎలా ఉందో అడిగింది.